డిక్కీలో మావయ్య

మా అల్లుడు బండి చూడటానికి నన్ను వెంటపెట్టుకు వెళ్ళలేదు. నన్ను అతని వెంట పంపించారు. ఆ తేడా ముందే చెప్పడం మంచిది.

అల్లుడంటే మా అక్క కూతురి మొగుడు. ఆ మేనకోడల్ని నేను ఇన్‌స్పెక్టరు అంటాను. అది దేన్నీ ఊరికే నమ్మదు. నన్నయితే అసలే నమ్మదు, పాపం దాని తప్పేం లేదు. వాళ్ళ ఆఫీసు పెద్దమనిషి గొంతుతో ఫోన్ చేసి సెలవురోజు దాన్ని ఆఫీసుకి పరుగెత్తించింది నేనే. మొగుడి గొంతుతో ఫోన్ చేసి "నాకు సంసారం మీద విరక్తి పుట్టింది, గుండు చేయించుకుంటున్నా" అన్నదీ నేనే. బడిలో ఉన్నప్పుడు నాకు వచ్చిన విద్య అదొక్కటే, మాస్టార్ల గొంతులు పట్టడం. ఆ విద్య వల్లే బడి మానేయాల్సి వచ్చిందనుకోండి.

"ఒక్క బండి కొనడానికి ఇన్నాళ్ళా మావయ్యా?" అంది ఆ రోజు పొద్దున్నే. "కంపెనీ ఒకటే, మోడలు ఒకటే. పాతరకం ఒకటి, దాని తర్వాత వచ్చిన కొత్తరకం ఒకటి. వారం వారం వెళ్తారు, చూస్తారు, వస్తారు, తేల్చరు. ఇవాళ నువ్వు కూడా వెళ్ళి తేల్పించుకురా."

"తేల్చమంటావా, ముంచమంటావా?"

"మావయ్యా!"

"సరేనే తల్లీ, తేలుస్తాలే."

పాత బండ్లు అమ్మే యార్డది. రేకుల షెడ్డు, ముందు సిమెంటు నేల, ఎవరో అప్పుడే గొట్టంతో కడిగినట్టున్నారు, తడి ఆరలేదు. ఆ యార్డు ఒక ఆడమనిషిది. పొడుగ్గా ఉంది, చేతులు మోచేతుల దాకా మడిచింది, నడుముకి జైలు అధికారిలా తాళాల గుత్తి. నేను మనసులోనే ఆవిడకి తాళాలమ్మ అని పేరు పెట్టేశాను.

"నమస్తే మేడం," అన్నాడు అల్లుడు.

"రండి సార్," అందావిడ.

రెండు బండ్లూ పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. పాతది నల్లది, పెళ్ళికి తయారైన పెద్దమనిషిలా పొడుగ్గా, హుందాగా ఉంది. కొత్తది బూడిద రంగు, కళ్ళు చికిలించి చూస్తున్నట్టుంది. అల్లుడు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

"ఈ తలుపు వేసి చూడండి మావయ్యగారూ."

వేశాను. గోడౌను తలుపులా ధబ్‌మంది.

"ఇప్పుడు కొత్తదాన్ది."

వేయబోయాను. సగంలో నా చేతిలోంచి లాక్కుని అదే మూసుకుంది.

"పాతదాంట్లో ఏసీకీ పాటలకీ వేటి బటన్లు వాటికున్నాయి. చూడకుండానే వేళ్ళకి తగుల్తాయి. కొత్తదాంట్లో ఒకటే పలక. చలేస్తే ఆ పలకనే బతిమాలుకోవాలి. పాతదాని ఇంజను పెద్దది, పెట్రోలు నీళ్ళలా తాగుతుంది, కానీ ఏ మెకానిక్కయినా విప్పగలడు. కొత్తదాన్ది చిన్నది, పొదుపు, కానీ దానికి జ్వరమొస్తే కంప్యూటరు తగిలించి చూసేవాడే రావాలి."

"అర్థమైంది అల్లుడూ. పాతది మీ అత్తగారు, కొత్తది మీ ఆవిడ. ఏది కొన్నా తిట్లు మాత్రం తప్పవు."

తాళాలమ్మ పకపకా నవ్వింది. అల్లుడు నవ్వాడు కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. నేనది చూశాను. చూసి, తిన్నది అరగలేదేమో అనుకుని వదిలేశాను.

డిక్కీలు కూడా చూపించాడు. పాతదాని డిక్కీలో ఇద్దరు పడుకోవచ్చు. కొత్తదాన్ది కాస్త ఇరుకే కానీ అందులో రెండు వింతలున్నాయి. వెనక సీటు మధ్యలో చెయ్యి ఆనించుకునే దిండు దించితే, దాని వెనక పుస్తకమంత తలుపు. పొడుగాటి సామాను పెట్టినప్పుడు అది తీసుకుంటారట. రెండోది, డిక్కీ లోపలివైపు చీకట్లో పచ్చగా మెరిసే చిన్న పిడి. దానిమీద బొమ్మ, డిక్కీలోంచి ఒక మనిషి దూకి పారిపోతుంటాడు.

"ఎవరైనా పొరపాటున లోపల ఇరుక్కుపోతే ఇది లాగితే చాలు. పాతదాంట్లో ఇది లేదు," అన్నాడు అల్లుడు.

ఆ మాట నా చెవిన పడకుండా ఉండాల్సింది. నా బుర్రలో దీపం వెలిగింది.

"షెడ్డులో సూట్‌కేసు ఉంది, తెస్తాను. ఏ డిక్కీలో పడుతుందో చూద్దాం," అని అల్లుడు లోపలికి వెళ్ళాడు. తాళాలమ్మ కూడా వెనకాలే వెళ్ళింది. "నేను టీ తాగొస్తా అల్లుడూ!" అని కేకేసి, గేటుదాకా నడిచి, వెనక్కి తిరిగి, వంగి వంగి వచ్చి, తెరిచే ఉన్న కొత్తదాని డిక్కీలో దూరాను. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకున్నాను. సూట్‌కేసు ఎత్తగానే "భౌ" అని లేవాలని నా ప్లాను. ఈ వయసులో అల్లుడు ఎంతెత్తు ఎగురుతాడో చూద్దామని.

సూట్‌కేసు రాలేదు. ఎక్కడినుంచో తాళాలమ్మ బండి తాళంలోని బటను నొక్కినట్టుంది. పైనున్న మూత పెద్దమనిషి ఆవులించి నోరు మూసుకున్నట్టు మెల్లగా దిగి, టక్కున పడింది.

సరే, పిడి ఉందిగా అనుకున్నాను. తలుపులు పడ్డాయి, ఇంజను మొదలైంది, బండి కదిలింది. పోనీ ట్రాఫిక్ లైటు దగ్గర దూకి నడిరోడ్డు మీద ఇద్దర్నీ హడలగొడదామనుకున్నాను. ఇంకా బాగుంటుంది.

సీటు మధ్యలో ఆ చిన్న తలుపు అల్లుడు తీసి అలాగే వదిలేశాడు. దాంట్లోంచి వెలుతురూ మాటలూ వస్తున్నాయి.

"సూట్‌కేసు వద్దులే అక్కా," అన్నాడు అల్లుడు.

అక్కా? ఇందాక మేడం అన్నాడు కదా.

"వద్దంటే వద్దు," అంది తాళాలమ్మ. "నీకేమన్నా కొత్తా ఏంటి. ఈ బండిని నాకంటే నువ్వే ఎక్కువ నడిపావు. మాట్లాడటానికే మీ మావయ్య టీకి పోగానే నిన్ను తీసుకొచ్చా. నీతో ఒక మాట చెప్పాలి. సాయంత్రం ఒకాయన వస్తున్నాడు. పెళ్ళిళ్ళకి బండ్లు తిప్పేవాడు. రెండూ పట్టుకుపోతాడు. ఇక రేపట్నుంచి నువ్వొచ్చి కూర్చోడానికి బండ్లుండవు."

బండి ఏదో గుంతలో పడితే నా తల పైకి తగిలింది. నోరు మూసుకున్నాను.

"ఎన్నాళ్ళని వస్తావు తమ్ముడూ? పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకని బయల్దేరతావు, నా యార్డులో దిగుతావు. వచ్చినవాళ్ళకి బండ్ల గురించి నాకంటే బాగా చెప్తావు. సాయంత్రం బ్యాగు భుజానేసుకుని ఇంటికెళ్తావు. ఉద్యోగం పోయి చలికాలం దాటింది, ఎండాకాలం వచ్చింది. ఇంట్లో ఎప్పుడు చెప్తావు?"

నా చెయ్యి అప్పటికే పిడి మీద ఉంది. లాగలేదు.

"చెప్దామనే వెళ్ళాను అక్కా, ఆ రోజే. టైల్స్ కంపెనీ వాళ్ళు అందర్నీ గదిలో కూర్చోబెట్టి, మీ విభాగం తీసేస్తున్నాం అన్నారు. ఇంటికెళ్ళేసరికి మావయ్యగారున్నారు. నా మొహం చూసి, 'ఏంటల్లుడూ, మొహం దీపంలా వెలిగిపోతోంది? ప్రమోషనొచ్చిందా ఏంటి? ఇక పెద్ద బండి కొనాల్సిందే!' అని చప్పట్లు కొట్టారు. మా ఆవిడ నిజమనుకుంది. దాని కళ్ళు... నోట్లోకి వచ్చిన మాట మింగేశాను. మర్నాటికల్లా మావయ్యగారు బంధువులందరికీ చెప్పేశారు. అప్పట్నుంచీ ఏ బండి, ఏ బండి అని అడుగుతూనే ఉన్నారు. చూస్తున్నా, పోలుస్తున్నా అని చెప్తూ వచ్చాను. పోలుస్తున్నంతకాలం కొనక్కర్లేదు కదక్కా."

ఆ రోజు నేనన్న మాట నాకు గుర్తే. అన్నాక టీ కూడా రెండోసారి పోయించుకున్నాను. అల్లుడు కొయ్యబారి నిలబడితే సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

పిడి నా ముక్కుకి జానెడు దూరంలో పచ్చగా మెరుస్తోంది. లాగితే బయటపడతాను. కానీ బయటపడితే ఏమవుతుంది? మూడో మనిషికి తెలియకూడదని గుండెల్లో దాచుకున్న మాట, లోకంలో ఎవరికి అస్సలు తెలియకూడదనుకున్నాడో ఆ మనిషే విన్నాడని తెలుస్తుంది. లాగకపోతే, దొంగచాటుగా ఇంకా వింటూనే ఉంటాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో డిక్కీ. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చెమట కంట్లో పడుతోంది. తుడుచుకుందామంటే మోచెయ్యి తిరగదు.

"మరి ఏం చేస్తావు ఇప్పుడు?" అంది తాళాలమ్మ.

"రెండిట్లో ఏదో ఒకటి కొనేద్దునా అనిపిస్తోంది అక్కా. అప్పో సొప్పో చేసి."

"పిచ్చా నీకు? అబద్ధానికి టైర్లు తొడుగుతావా? నేను బండ్లమ్ముకుని బతికేదాన్నే, అయినా నీకు మాత్రం అమ్మను."

"చెప్పలేను అక్కా. ఇంతకాలం దాచాక ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

సరిగ్గా అప్పుడు డిక్కీలో కోడి కూసింది.

కొక్కొరోకో అని, గొంతు చించుకుని. అది నా ఫోను. నలుగురూ ఉలిక్కిపడాలని నేనే ముచ్చటపడి పెట్టించుకున్న కూత. ఫోను వెనక జేబులో, జేబు నా కింద, నేను సగం మెలితిరిగి. చెయ్యి పెట్టబోతే అందలేదు. కోడి కూస్తూనే ఉంది.

తాళాలమ్మ బండిని పక్కకి తీసి ఆపింది.

"బండిలో కోడేంటి?" అంది.

ఆ కోడి ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

"మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. వెనక్కి తిరగలేదు. ఆ చిన్న తలుపులోంచి నాకతని మెడ కనిపిస్తోంది.

"ఆఁ."

"ఎప్పట్నుంచి?"

"మూత పడ్డప్పట్నుంచి."

తాళాలమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. కోడి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలెట్టింది.

"అది ఇన్‌స్పెక్టరే అయ్యుంటుంది అల్లుడూ," అన్నాను. "నువ్వు భయపడకు. నేను చెప్తాను. రెండు బండ్లూ చెత్తవి, గేర్లు అరిగిపోయాయి, వద్దని నేనే అన్నానని చెప్తా. ఒట్టు, ఇంకేం చెప్పను."

"వచ్చే వారం ఇంకో యార్డుకి వెళ్ళమంటుంది."

"అదీ చెత్తదంటా."

"ఆ పైవారం మావయ్యగారూ?"

అబద్ధాల్లో చెయ్యి తిరిగినవాడిని, ఒక్కటి కూడా దొరకలేదు. ఎలాగో మెలికలు తిరిగి ఫోను లాగి, ఆ చిన్న తలుపులోంచి చేతిని బయటపెట్టాను. వెనక సీట్లోంచి ఒక చెయ్యి మొలిచినట్టుండి ఉంటుంది. అల్లుడు ఫోను తీసుకుని, స్పీకరు నొక్కాడు.

"మావయ్యా! ఆయన ఫోనెత్తరు, నువ్వెత్తవు. తేలిందా లేదా? ఏ బండి?"

"నేనే," అన్నాడు అల్లుడు. "రెండూ కాదు. నేను కొనలేను. నాకు ఉద్యోగం పోయింది. చాలాకాలమైంది. నీకు చెప్పలేదు. రోజూ ఆఫీసుకని ఈ యార్డుకొస్తున్నాను."

అటువైపు నవ్వింది.

"బాగుంది మావయ్యా. గొంతు అచ్చం ఆయనదే దింపేశావు. ఆ మధ్యలో తడబడటం కూడా భలే పట్టావు. ఇక చాలు, ఆయనకివ్వు."

అల్లుడు తల సీటుకి ఆనించేశాడు. బండి తలుపులన్నీ తాళం వేసి ఉన్నట్టనిపించింది. ఇన్నాళ్ళూ చెప్పలేని మాట చెప్పాడు. చెప్పినా బయటికి పోలేదు, నా వేషాలు అడ్డంగా కూర్చున్నాయి.

"మావయ్యా? వినిపిస్తోందా? ఆపు ఇక."

నేను నోరు చిన్న తలుపుకి ఆనించాను. ఏదన్నా తమాషాగా అంటే నమ్ముతుందా? ఒట్టేస్తే నమ్ముతుందా? నేనెన్ని ఒట్లు వేశానని.

"అమ్మాయీ," అన్నాను.

అంతే. అది పుట్టిన దగ్గర్నుంచీ నేను దాన్ని అమ్మాయీ అని పిలిచిన గుర్తు లేదు.

పక్కనుంచి ఒక లారీ వెళ్తే బండి ఊగింది.

"ఏవండీ," అంది. గొంతు మారిపోయింది. "రోజూ నేను కట్టిచ్చిన అన్నం డబ్బా... ఎక్కడ కూర్చుని తినేవారు?"

"పాతదాంట్లో," అన్నాడు అల్లుడు. "వెనక సీట్లో. ఆ బండిని షెడ్డు నీడలో పెట్టేది యార్డు ఆవిడ."

"ఒక్కరేనా?"

"ఊఁ."

తాళాలమ్మ చప్పుడు చేయకుండా తలుపు తీసుకుని దిగిపోయింది.

"మావయ్య ఎక్కడున్నాడు ఇప్పుడు?"

"డిక్కీలో."

"ఎందుకూ?"

"ఏమో. నన్ను భయపెడదామనుకుంటా."

"ఆయన్ని కాసేపు అక్కడే ఉంచండి," అంది మా ఇన్‌స్పెక్టరు. "స్పీకరు తీసేయండి. మీతో మాట్లాడాలి."

అల్లుడు వెనక్కి వంగి నా వంక చూశాడు. క్షమించమన్నట్టో, క్షమించానన్నట్టో నాకు తెలియలేదు. ఆ చిన్న తలుపు నా మొహం మీద మూసేశాడు.

చీకటి. అటువైపు గొంతు గొణుగుడులా వస్తోంది కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. కాస్త చెవి ఆనిస్తే వినపడేదేమో. ఆనించలేదు. ఒకసారి అతని గొంతు లేచింది, మళ్ళీ దిగింది. నా కుడికాలు నాది కాదన్నట్టుంది.

డిక్కీ మూత మీద ఎవరో రెండు వేళ్ళతో కొట్టారు.

"పెద్దాయనా, బతికున్నావా?"

"ఉన్నానమ్మా."

"తెరవమంటావా?"

"ఏం చేస్తున్నాడు?"

తాళాలమ్మ అద్దంలోంచి చూసినట్టుంది.

"ఇంకా మాట్లాడుతున్నాడు."

"అయితే వద్దు," అన్నాను.