నీలం గళ్ళ మూట

శనివారం పదింటికి కౌన్సెలింగు గది తలుపు తీసేసరికే బయటి బెంచీ నిండిపోయేది. ఒంట్లో బాగాలేనివాళ్ళు కొందరు, మనసు బాగాలేనివాళ్ళు కొందరు. రెండూ ఒకటేనని కౌన్సెలరమ్మ వాదన. తిండి, నిద్ర, నడక, ఇంట్లో మాటామంతీ అన్నీ అడిగేది. ఒకరికి నిదానంగా ఊపిరి పీల్చడం నేర్పేది, ఒకరి చేత సాయంత్రం కాఫీ మానిపించేది, ఇంకొకరి ఇంటివాళ్ళని పిలిపించి ఎదురెదురుగా కూర్చోబెట్టేది. చివర్లో ఎవరి బాధ వాళ్ళ చేతే గుడ్డలో మూట కట్టించి, తూకం వేసి, చీటీ అంటించి ఇచ్చేది.

"రోజూ కాస్త విప్పి చూసుకోండి. వచ్చే శనివారం పట్టుకురండి" అనేది.

బస్సు డ్రైవరు మూట నాలుగు కిలోలు. భార్య పోయి మూడు నెలలైంది. అప్పట్నుంచీ కంటి మీద కునుకు లేదు. డిపోవాళ్ళు ఆయన్ని బస్సు దింపి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. సోమవారం డాక్టరు ముందుకెళ్ళాలి. నిద్ర పట్టడం లేదని తేలితే ఇక స్టీరింగు ముట్టుకోనివ్వరు. ఇన్నేళ్ళు రోడ్డు మీద బతికిన మనిషికి ఆ కిటికీ జైలే. అయినా మూట ఒక్కసారీ విప్పలేదు. భయం.

ఆ శనివారం ఆయన లోపలికి వస్తూనే, "అమ్మా, ఈ వారం మా అక్క మీద ఒళ్ళు మండిపోయింది. నాకసలు అక్కే లేదు!" అన్నాడు.

గుమ్మం దగ్గర దర్జీ ఆవిడ చటుక్కున లేచింది. "అది నాదండీ! ఒంటరిదాన్ని, వారమంతా రెండు కంచాలు పెడుతున్నాను!"

కౌన్సెలరమ్మ నాలుక కరుచుకుంది. గుడ్డలన్నీ ఒకే తానులోంచి చించినవి, అన్నీ నీలం గళ్ళే. పోయినవారం ఫ్యానుగాలికి చీటీలు ఊడిపోతే అంచనాగా అంటించేసింది.

మూటలు చేతులు మారాయి.

"కోపం పైపైనేనమ్మా" అన్నాడు డ్రైవరు. "గురువారానికి చల్లారిపోయింది. విప్పకుండానే తెలిసింది, అడుగునంతా బెంగే. మీ అక్కకి ఫోన్ చెయ్యండి."

ఆవిడ ఫోన్ తీసి అక్క నంబరు వెతికి పెట్టుకుంది. తర్వాత, "మీ మూట విప్పాను అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. అంచున పీచులు లేస్తే నా చేతులు ఊరుకోవు, విప్పి మడిచి కుట్టాను. లోపల మీ ఆవిడ అంట్లు తోముతూ పాడుతున్నారు. ఒక్కచోట శ్రుతి కలిస్తే ఒట్టు! మిషను ఆపి మరీ నవ్వుకున్నాను" అంది.

డ్రైవరు మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు ధైర్యం చాలని పని మీరు చేశారు. మీ మేలు మరిచిపోను తల్లీ."

కౌన్సెలరమ్మ మూటని మళ్ళీ తూకం వేసింది. నాలుగు కిలోలే. ఒక్క గ్రామూ తగ్గలేదు. ఆయన మాత్రం దాన్ని చంకన పెట్టుకుని హాయిగా మెట్లు దిగాడు.

సోమవారం డాక్టరు అడిగాడు. "నిద్ర పడుతోందా?"

"రెండు రోజులుగా బ్రహ్మాండంగా పడుతోందండీ. మూట విప్పి తలగడ పక్కన పెట్టుకుంటున్నాను. మా ఆవిడ పాడుతుంది."

"ఆ చప్పుడుకి మెలకువ రాదూ?"

"ముప్పై ఏళ్ళు ఆ పాట వింటూనే గుర్రుపెట్టానండీ. అది వినపడకే ఇన్నాళ్ళూ నిద్ర పట్టలేదు."

డాక్టరు సంతకం పెట్టాడు.

బుధవారం ఆయన బస్సులో దర్జీ ఆవిడా, ఆవిడ అక్కా ఎక్కారు. కిటికీ పక్క సీటు కోసం దిగేదాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు.