చొక్కా పట్టుకున్న చెయ్యి

మా అమ్మ ఎలా చనిపోయిందో మా సంఘంలో చిన్నపిల్లలక్కూడా తెలుసు. నాన్న ఆ కథ చెప్పని సభ లేదు. నా తర్వాతి కాన్పట, ఆ బిడ్డా దక్కలేదు. పురిట్లో రక్తం పోతోందట. రక్తం ఎక్కించాలని డాక్టరమ్మ అందట. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, మెల్లగా పక్కకు జరిపి, "ప్రాణం ఇచ్చినవాడి మాట తప్పి ఈ ప్రాణం నాకెందుకండి" అందట. అక్కడ నాన్న ఆగేవారు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. ఎనిమిదేళ్ల దాన్ని, ముందు వరసలో కూర్చుని, ఆయన ఆగే ఆ క్షణం కోసం ఎదురుచూసేదాన్ని. తల్లిలేని పిల్లని ఎవరూ నన్ను చూసి జాలిపడేవారు కాదు. పాపాయమ్మ కూతురని తల నిమిరేవారు.

మాది రక్తం ముట్టని సంఘం. బైబిల్లో వద్దని ఉందని తినకూడదు, ఎక్కించుకోనూ కూడదు. మా చుట్టాల్లో లూథరన్ చర్చికెళ్లేవాళ్లున్నారు, వాళ్లకా పట్టింపు లేదు. మా ఇంట్లో మాత్రం కోడిని నాన్నే తన చేత్తో కోసి, తలకిందులుగా వేలాడదీసి, చివరి చుక్క కారేదాకా పక్కన నిలబడేవారు. ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. అబ్రహాము మాస్టారంటే ఊళ్లో ఎంత మర్యాదో, ఆయనకు ఊరంటే అంతకు రెట్టింపు మర్యాద. బడిపిల్లల్ని కూడా 'ఏమండీ' అని పిలిచే రకం. ఆయన అబద్ధం ఆడతారని ఎవరైనా అని ఉంటే, పెనం మీద అట్టు తీసి వాళ్ల నోట్లో కుక్కేదాన్ని.

అట్టంటే, నాది టిఫిన్ బండి. రావులపాలెం అరటి మార్కెట్ పక్కనే. గెలలు దింపేవాళ్లకీ, లారీ డ్రైవర్లకీ నా పెసరట్టు తెలుసు, నా నోరూ తెలుసు. "కొబ్బరి చట్నీ ఇంకాస్త వెయ్యండి ప్రిస్కిల్లా గారూ" అంటే, "కాయలు మీ అత్తారు పంపించారా?" అనేదాన్ని. తిట్టినా మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు. అలాంటి నోరు కొన్నాళ్లుగా తగ్గింది. గర్భసంచిలో గడ్డలు. నెలసరి వచ్చిందంటే ఆగేది కాదు. ఆడపుట్టుకకు ఇదంతా మామూలేలే అని పెనం ముందు నిలబడే ఉన్నాను. ఒక పొద్దున పిండి తిప్పుతూ తిప్పుతూ అక్కడే కూలిపోయాను. చీరతో పాటు బండి కింద నేలంతా తడిసిపోయింది. పక్కన చేపలమ్మే అప్పాయమ్మగారు తట్ట అక్కడే వదిలేసి, నన్ను ఆటోలోకి ఎక్కించి, మా ఆయనకు కబురు పెట్టింది. మా అమ్మాయి రాణిని తన ఇంటికి తీసుకెళ్లింది.

రాజమండ్రి ఆస్పత్రిలో డాక్టర్ లక్ష్మీదుర్గ గారు డొంకతిరుగుడు లేకుండా చెప్పారు. "ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదండి. గర్భసంచి తీసెయ్యాలి. రక్తం ఎక్కించకుండా ఆపరేషన్ చేస్తే బల్ల మీదే పోతుంది. చెయ్యకపోతే మంచం మీద పోతుంది."

ఆవిడ మా ఆయన వైపు చూశారు. మా ఆయన మా నాన్న వైపు చూశాడు. సాల్మన్ అరటి మార్కెట్లో గుమస్తా. గెల ధర దగ్గర ఎంతటివాడినైనా మాటలతో దించగలడు. ఆస్పత్రిలో మాత్రం అంతా మామగారికే వదిలేశాడు.

"మేం రక్తం ఎక్కించుకోమండి" అన్నారు నాన్న, చేతులు జోడించి. "మిగతా వైద్యం ఏదైనా చెయ్యండి. మావల్ల మీకు ఏ ఇబ్బందీ రాదండి."

"మిగతావన్నీ చేస్తూనే ఉన్నామండి మాస్టారూ. మందులతో రక్తం పట్టాలంటే వారాలు పడుతుంది. ఆవిడకు అంత టైం లేదు." డాక్టరు గారు నా వైపు తిరిగారు. "అమ్మా, మీరు స్పృహలో ఉన్నారు. నాకు మీ మాటే లెక్క. మీరేమంటారు?"

నేనేమన్నానో తెలుసా? "ప్రాణం ఇచ్చినవాడి మాట తప్పి ఈ ప్రాణం నాకెందుకండి" అన్నాను. చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చిన మాట, తడబడకుండా వచ్చేసింది. గుమ్మం దగ్గరున్న మా సంఘం పెద్ద ప్రసన్నకుమార్ గారు, "అచ్చం పాపాయమ్మగారే" అన్నారు. నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చావు తల దగ్గర కూర్చుని ఉంటే, నాకేమో గర్వంగా ఉంది.

ఆ గర్వం మధ్యాహ్నందాకా కూడా నిలవలేదు. చెవుల్లో హోరు మొదలైంది. కాళ్లు చల్లబడిపోయాయి, ఎవరు రుద్దినా తెలియడం లేదు. పక్కకు ఒత్తిగిల్లుదామంటే ఆయాసం. ఉన్నట్టుండి రాణి గుర్తొచ్చింది. దానికి ఎనిమిదేళ్లు. జడ వేస్తే కుదురుగా కూర్చోదు, నాలాగే ఎదురు మాట్లాడుతుంది. రేపటి నుంచి దాని జడ ఎవరు వేస్తారు అనుకున్నాను. అంతే, భయం పట్టుకుంది. దేవుడి మీద నమ్మకం పోలేదు, అది వేరే సంగతి. బతకాలనిపించింది.

అప్పుడే నాన్న స్టీలు కేరియర్‌లో బీట్‌రూట్ రసం పట్టుకొచ్చారు. "తాగు తల్లీ, రక్తం పడుతుంది" అన్నారు. కింద నుంచి బిందెలు బిందెలు పోతుంటే పైనుంచి గ్లాసుడు బీట్‌రూట్ రసం. ఇంకో రోజైతే పకపకా నవ్వి ఉండేదాన్ని.

"నాన్నగారూ, నాకు భయంగా ఉంది" అన్నాను. "ఎక్కించుకుంటాను. రాణి చిన్నది."

ఆయన కోప్పడలేదు. మంచం అంచున కూర్చుని నా జుట్టు వెనక్కి దువ్వారు.

"అది భయం తల్లీ, నువ్వు కాదు మాట్లాడేది. అందరికీ వస్తుంది. మీ అమ్మకూ వచ్చింది. చివర్లో అచ్చం ఇలాగే అడిగింది. 'ఎక్కించెయ్యమనండి, ప్రిస్కిల్లా చిన్నదండి' అని నా చొక్కా పట్టుకుని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. నేను గట్టిగా నిలబడ్డాను కాబట్టే అమ్మ విశ్వాసంలో నిద్రించింది. నీ దగ్గరా నేనున్నాను, భయపడకు."

ఆయన కేరియర్ మూత తీసి గ్లాసులో రసం పోస్తున్నారు. ఏమన్నారో ఆయనకే తెలియలేదు. నన్ను ఓదారుస్తున్నాననే అనుకుంటున్నారు.

"అమ్మ డాక్టరమ్మ చెయ్యి కదా పట్టుకుంది?" అన్నాను.

నాన్న గ్లాసు పక్కన పెట్టేశారు.

"చెప్పండి నాన్నగారూ. చెయ్యి పట్టుకుని పక్కకు జరిపిందన్నారు కదా. మాట తప్పి ఈ ప్రాణం నాకెందుకండి అందన్నారు కదా. ఆ మాట ఎవరిది?"

"అర్థం ఒకటే తల్లీ" అన్నారు, కేరియర్ మూత బిగిస్తూ. "నొప్పుల్లో మనిషి ఏదో అంటుంది. ఆమె మనసు నాకు తెలుసు. ఆమె అనాల్సిన మాటే నేను చెప్పాను."

నమ్మించి గొంతు కొయ్యడం అంటే పరాయివాళ్లు చేసే పని అనుకునేదాన్ని. మా అమ్మ నా పేరు పెట్టి బతుకు అడిగింది. నా కోసం అడిగింది. ఆ మాటను ఆమె నోట్లోంచి లాగేసి, ఇంకో మాట పెట్టి, దాన్నే నాకు ఉగ్గుపాలతో పోశారు. అమ్మ నన్ను కాదని దేవుణ్ణి ఎంచుకుందని, చిన్నప్పుడు రాత్రుళ్లు దుప్పటి కప్పుకుని ఎంత ఏడ్చానో. పైకి మాత్రం పాపాయమ్మ కూతురినని తలెత్తుకు తిరిగాను. చచ్చినవాళ్లు లేచొచ్చి కాదని చెప్పరు కదా, ఆయన ధైర్యం అది. ఆ పొద్దున నేను డాక్టరుగారికి అప్పజెప్పింది కూడా ఆయన మాటే. నాది కాదు, మా అమ్మదీ కాదు.

"ఏవండీ, డాక్టరు గార్ని పిలవండి" అన్నాను మా ఆయనతో. సాల్మన్ కదల్లేదు. మామగారి మొహం చూశాడు. "ఆయన్నెందుకు చూస్తారు? పోయేది నేను" అన్నాను. గొంతు లేకపోయినా గట్టిగానే వచ్చింది. అప్పుడు కదిలాడు.

డాక్టరు గారు వచ్చి అందరినీ బయటికి పంపించారు. మా ఆయన మాత్రం గుమ్మం లోపలా కాకుండా, బయటా కాకుండా నిలబడ్డాడు. "మిమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యడం లేదు కదమ్మా?" అని అడిగారావిడ.

"లేదండి. నాకు రక్తం కావాలి. నేనే అడుగుతున్నాను" అన్నాను.

అన్నానే గానీ, రక్తం సంచీ తెచ్చి స్టాండుకు తగిలిస్తే చూడలేకపోయాను. ఎవరి రక్తమో, నల్లగా, చిక్కగా. కోడి మెడ నుంచి చివరి చుక్క కారేదాకా నిలబడ్డ ఇంట్లో పుట్టినదాన్ని. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

నాన్న గుమ్మం దాకా వచ్చారు. "తల్లీ, ఇక సంఘంలో ఎవరూ నీతో మాట్లాడరు. నేనూ మాట్లాడకూడదు. నీ ఇంట్లో అన్నం కూడా తినకూడదు." ఆయన నిజంగానే ఏడుస్తున్నారు. నా మీద ప్రేమ లేదని ఎలా అనను? ఆ ప్రేమే మా అమ్మ వేళ్లు విడదీసింది. ఆయన అక్కడ ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ ఆగడం నాకు తెలుసు. ముందు వరసలో కూర్చుని ఎన్నిసార్లు చూశానో. అప్పుడు నాకు చావుకన్నా పెద్ద భయం వేసింది. బల్ల మీద నేను పోతే, రేపు ముందు వరసలో కూర్చునేది రాణి. ఆయన ఇలాగే ఆగుతారు, ఇలాగే తుడుచుకుంటారు. డాక్టరమ్మ చెయ్యి పక్కకు జరిపి మీ అమ్మ ఏమందో తెలుసా తల్లీ, అని దానికి చెప్తారు. ఆమె మనసు నాకు తెలుసంటారు.

"ఏవండీ, ఫోనివ్వండి" అన్నాను. సాల్మన్ ఈసారి ఎవరివైపూ చూడలేదు. అప్పాయమ్మగారికి తనే చేసి, స్పీకరు పెట్టి, నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

"అమ్మా, ఎప్పుడొస్తావు?" అంది రాణి.

"రాణీ, ముందు నా మాట విను. నాకు ఆపరేషన్ చేస్తారు. నేను రక్తం వద్దన్నానని ఎవరైనా నీతో అంటే నమ్మకు. కావాలని నేనే అడిగాను. నీ కోసం అడిగాను. ఏదీ, నువ్వు చెప్పు."

"మా అమ్మ అడిగింది. నా కోసం" అంది అది, పాఠం అప్పజెప్పినట్టు.

"ఆ. మీ అమ్మమ్మ కూడా అడిగింది. నా కోసం."

"మరి అమ్మమ్మకి ఇచ్చారా?" అంది.

నాన్న ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నారు. ఆయనకు వినబడేలాగే చెప్పాను.

"లేదమ్మా. మీ తాతయ్య ఇవ్వనివ్వలేదు."