సాంబయ్య చెవి డొప్పలు

స్టేషన్ ఘన్‌పూర్‌లో రేడియోలు బాగుచేసే రఘునాథ్‌కు 1983 ఎండాకాలంలో ఒక పిచ్చి పట్టింది. తన ఇంట్లోనే బ్యాండు మేళాన్ని రికార్డు చేయాలి. పాత మిషన్లు విప్పి, మైకుల సౌండ్లన్నీ కలిపే మిక్సరు డబ్బా ఒకటి తానే బిగించాడు. హైదరాబాదు పోయి ఐదు సెకండ్‌హ్యాండ్ హెడ్‌ఫోన్లు తెచ్చాడు. పని మొదలుకాకముందే ఊరంతా చెప్పుకున్నాడు. ఆ గుణం అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది.

మొదటి బేరం హన్మంత్‌ది. పెళ్లిళ్ల బ్యాండుకు యజమాని అతనే, పెద్ద డ్రమ్ము కొట్టేదీ అతనే. ఆ మేళానికి ప్రాణం మాత్రం క్లారినెట్టు సాంబయ్య. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఏ పెళ్లి ఊరేగింపు కదిలినా ఆయనే ముందు. ఈ మధ్య హన్మంత్‌కు ఆయన మీద నమ్మకం సడలింది. ఆ రోజు మేళం కంటే ముందే వచ్చి రఘునాథ్ చెవిన ఒక మాట వేశాడు.

"సాంబయ్య మామ యాడాదిసంది తాళంల ఎనుకబడ్తాండు అన్నా. అడిగితె డ్రమ్ముదే తప్పంటడు. టేపుల తేలుతది గద. తప్పు ఆయనదే అయితె, ఈసారి పెండ్లిళ్లకు దంతాలపల్లి క్లారినెట్టాయన్ను పెట్టుకుంట."

క్లారినెట్టు తప్ప మరో పని తెలియని మనిషికి అదేమీ చిన్న ముప్పు కాదు. రఘునాథ్‌కు మాత్రం ఆ పూట తన వైర్ల మీదే ధ్యాస.

డ్రమ్ము మోతలో క్లారినెట్టు మునిగిపోకుండా హన్మంత్‌ను లోపలి గదిలో కూర్చోబెట్టాడు. గోడలకు బొంతలు కట్టి తలుపు మూశాడు. సాంబయ్యా, మేళంలోని మిగతా ఇద్దరూ ముందరి గదిలో. ఒకరి వాయిద్యం ఒకరికి వినపడాలి కనుక అందరి తలలకూ హెడ్‌ఫోన్లు తగిలించాడు. హన్మంత్ వాటికి అప్పుడే చెవి డొప్పలని పేరు పెట్టేశాడు.

మొదటిసారి డ్రమ్ము ఒక దారిన పోయింది, క్లారినెట్టు ఒక దారిన పోయింది. రెండోసారీ అంతే. సాంబయ్య వాయిస్తున్నంతసేపూ మూసిన తలుపు వైపే చూస్తున్నాడు.

రఘునాథ్ ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "డ్రమ్ము ఇనబడ్తాందా, సాంబయ్యన్నా?"

"మస్తుగ ఇనబడ్తాంది," అన్నాడు సాంబయ్య.

తప్పు ఎక్కడుందోనని వైరు వెంట చూసుకుంటూ పోతే, ఆయన డొప్పల పిన్ను డబ్బాలోంచి ఊడి నేల మీద పడి ఉంది. రఘునాథ్ దాన్ని గుచ్చి, సౌండు చివరిదాకా పెంచి, ఒక దెబ్బ కొట్టమని హన్మంత్‌ను కేకేశాడు. మిగతా ఇద్దరూ ఉలిక్కిపడి డొప్పలు పీకి, చెవులు రుద్దుకుంటూ రఘునాథ్‌ను తిట్టారు. సాంబయ్యలో చలనం లేదు.

రఘునాథ్ ఆయన వెనక్కి పోయి మెల్లగా పిలిచాడు. గట్టిగా పిలిచాడు. ఆయన తల తిప్పలేదు.

అప్పటికి సంగతి అర్థమైంది. ఇన్నాళ్లూ ఈయన డ్రమ్ము కర్రను చూసి తాళం పట్టుకుంటున్నాడు, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటున్నాడు. ఊరేగింపులో వెనక్కి తిరిగి చూడలేనప్పుడు వెనకబడుతున్నాడు. ఇక్కడ తాను తలుపు మూసి, ఆ కాస్త చూపు కూడా లేకుండా చేశాడు.

ఉన్నది చెప్పేస్తే డబ్బా పరువు నిలుస్తుంది. రఘునాథ్‌కు ఆ ఆశ పుట్టలేదంటే అబద్ధమే.  అయినా పోయి తలుపు తెరిచాడు.

"లోపల ఉడుకపోస్తాంది గద హన్మంతూ, జర గడప కాడికి జరుగు."

డ్రమ్ము కనబడగానే సాంబయ్య మొహం తేటపడింది. ఈసారి తాళం ఎక్కడా తప్పలేదు. టేపు పెట్టి వింటే డ్రమ్ము మోత తప్ప ఏమీ లేదు, క్లారినెట్టు ఎక్కడో చిల్పూరు గుట్ట మీద వాయిస్తున్నట్టుంది.

"తాళం కుదిరింది. మరి క్లారినెట్టేదన్నా?" అన్నాడు హన్మంత్. "ముందుగాల రెండుసార్లు మామ ఎందుకు ఎనుకబడ్డడు?"

"డబ్బా ఖరాబున్నది. ఆయనకు డ్రమ్ము సక్కగ ఇనబడలే. తప్పు నాదే."

"గింత సంబురానికి గీ డొప్పలెందుకే! దంతాలపల్లి ఆయనకు అక్కెరలేదని చెప్త. నీకు మాత్రం దండమన్నా, రేడియోలు జేసుకో." మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. ముగ్గురూ బీడీలు ముట్టించుకోను అరుగు మీదికి పోయారు. ఈ ముచ్చట రేపటికల్లా జనగామ దాకా పోతుంది, ఇక ఏ బ్యాండూ తన గడప తొక్కదు. రఘునాథ్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

సాంబయ్య ఒక్కడే మిగిలాడు. క్లారినెట్టును గుడ్డలో చుట్టి, ఎప్పటిలాగే పెద్ద గొంతుతో అడిగాడు.

"తప్పు నిజంగ నీదేనా?"

అరుగు మీద నవ్వులు ఆగాయి. రఘునాథ్ ఆయనకు ఎదురుగా వచ్చి, గొంతు రానివ్వకుండా పెదవులు మాత్రం కదిపాడు.

ఎవ్వరికీ చెప్ప.

"సరే బిడ్డా," అన్నాడు సాంబయ్య.