ఖాళీ పట్టాల మీద ఎర్రగీత

లోవెల్ హాగెన్ ఇంటి బేస్‌మెంట్లో నడిచే బొమ్మ రైళ్లకు ఒక పాడలవాటు ఉండేది. ఎవరు నడిపినా సరే, ఏ బండైనా సరే, గోధుమల గిడ్డంగి దాటి ఊరి చివర రోడ్డు క్రాసింగ్ దగ్గరికి వచ్చేసరికి నిలబడిపోయేది. కాసేపు చూసి లోవెల్ లేచి, ఇంజన్నీ పెట్టెల్నీ ఒక్కొక్కటిగా ఎత్తి క్రాసింగ్ అవతల పెట్టేవాడు. శనివారం మధ్యాహ్నాలు రైళ్లు నడపడానికి వచ్చే స్నేహితులు ఆ సమయంలో ఎవరి కాఫీ కప్పులోకి వాళ్లు చూసుకునేవారు. నోరు తెరిచి అడిగే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? ఊరి చివర అసలు క్రాసింగ్ మీదే కదా, మంచు తుఫానులో, లోవెల్ వాళ్లమ్మాయి కిర్‌స్టెన్ కారును గూడ్సు బండి గుద్దేసింది.

లోవెల్ రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరైనవాడు. కూతురు పోయాక బేస్‌మెంట్లోకి దిగి, ఎల్మ్ ఫోర్క్ ఊరంతటినీ బల్ల మీద కట్టేశాడు. రైళ్లన్నీ కంప్యూటరుకు అప్పజెప్పాడు. ప్రతి ఇంజన్లోనూ గోరంత చిప్పు, దానికో నంబరు. ఆజ్ఞలన్నీ పట్టాల గుండానే వెళతాయి. ఏ నంబరు పిలిస్తే ఆ ఇంజనే కదులుతుంది. ఇదంతా బాగానే ఉంది. కానీ పైన వంటింట్లో అతని భార్య మార్లిస్ ఒంటరిగా తింటోంది, ఒంటరిగా పడుకుంటోంది, ఆ సంగతి ఏ కంప్యూటరుకు పడుతుంది?

క్రాసింగ్ కట్టిన దగ్గర్నుంచి మార్లిస్ కిందికి దిగలేదు. పళ్లెం మెట్ల మీద పెట్టి వచ్చేసేది. ఆ బండిని లోవెల్ కావాలనే ఆపుతున్నాడని ఆవిడ గట్టి నమ్మకం. నిజం బండి ఆగలేదు కాబట్టి బొమ్మ బండినైనా ఆపుకుని తృప్తి పడుతున్నాడు, అలా ఆపుకుంటూ కూర్చున్నంత కాలం పైకి రాడు. పాపం, మనిషి కూడా సగమైపోయాడు. ఆ సెలవులేని కాపలా మాన్పించకపోతే కూతురి వెనకే మొగుణ్ని కూడా పోగొట్టుకుంటానని ఆవిడకు పట్టపగలే భయం వేసేది.

అందుకే ఒక శనివారం, స్నేహితుడు డ్వేన్ పీటిలాను వాకిట్లోనే పట్టుకుంది. ఆ చుట్టుపక్కల ఎవరి రైళ్ల కంప్యూటర్ మొరాయించినా డ్వేనే దిక్కు.

"బండి ఆగమని లోవెల్ ఆ కంప్యూటర్లో ఏదో రాసిపెట్టాడు డ్వేన్. నువ్వది తీసెయ్యి. వాడికి చెప్పకు."

"దొంగపని చేయిస్తున్నావమ్మా మార్లిస్."

"నేను చేసే లెమన్ బార్ల మిఠాయి తినేటప్పుడు గుర్తురాదేం నీకు మర్యాద? తీసెయ్యి."

డ్వేన్ గడ్డం గోక్కుని సరేనన్నాడు. వెళ్లేటప్పుడు ఆవిడ అడిగితే "చూశాలే" అన్నాడు. అది పని అయిందన్న మాటేనని మార్లిస్ అనుకుంది.

మరుసటి శనివారం విపరీతంగా మంచు పడింది. డ్వేన్ తప్ప ఎవరూ రాలేదు. మార్లిస్ మాంసం, బంగాళాదుంపల హాట్‌డిష్‌ను ఓవెన్‌లో పెట్టి, బేస్‌మెంటు తలుపు వారగా తీసి చెవి ఒగ్గింది. పట్టాల మీద బండి సన్నగా రొదపెట్టుకుంటూ వస్తోంది. గిడ్డంగి దాటి ఉంటుంది. ఇక దాటేస్తుంది, ఇక ఈ పీడ వదులుతుంది, అనుకుంది. రొద ఆగిపోయింది.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్ల బింకమూ వదిలేసి మెట్లు దిగింది.

"తీసేశానన్నావు కదా డ్వేన్?"

లోవెల్ స్టూలు మీంచి ఇటు తిరిగాడు. "ఏం తీసేశాడు?"

డ్వేన్ టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు. "తీసేశానని నేననలేదు మార్లిస్, చూశానన్నాను. మొత్తం గాలించాను. ఆగమని అందులో ఎక్కడా లేదమ్మా. నీ మొహం చూసి ఆ మాట చెప్పలేకపోయాను."

"లేకపోతే ఎందుకాగుతుంది?"

 "నేనే ఆపుతున్నాననుకున్నావా?" అని లోవెల్ నెమ్మదిగా అడిగి, కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాడు. ఊళ్లోని పట్టాలన్నీ దాని మీద ముక్కలు ముక్కలుగా గీతలై ఉన్నాయి. "ఖాళీగా ఉన్న ముక్క ఆకుపచ్చ. ఏదైనా నిలబడి ఉంటే ఎరుపు. ఎరుపు ముక్కలోకి కంప్యూటర్ బండిని పోనివ్వదు, గుద్దుకోకుండా. ఇదిగో, ఇది బండి ఉన్న చోటు. దీని ముందున్నది క్రాసింగ్."

క్రాసింగ్ ముక్క ఎర్రగా ఉంది. మార్లిస్ బల్ల వైపు చూసింది. అక్కడ పట్టాల మీద ఏమీ లేదు.

"తేమకి ఒక్కోసారి అలా చూపిస్తుంది," అని డ్వేన్ గొణిగాడు.

"పట్టాలు పీకి కొత్తవి వేశానురా. బండి ఉందో లేదో కనిపెట్టే డబ్బా మార్చాను. చివరికి కంప్యూటర్ కూడా మార్చాను." లోవెల్ బల్ల కిందికి వంగి ఒక వైరు ఊడలాగాడు. "ఇదీ దాని వైరు. ఇప్పుడు చూడు."

డ్వేన్ చూశాడు. గీత ఎర్రగానే ఉంది.  "అలా కుదరదురా లోవెల్. వైరే లేకపోతే దానికి ఎలా తెలుస్తుంది?"

 లోవెల్ మళ్లీ వైరు తగిలించాడు.

"ఎప్పట్నుంచి ఇలా?" అంది మార్లిస్.

"పట్టా వేసిన రోజు నుంచీ."

"నాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"ఏమని చెప్పను? పిల్ల ఇంకా పట్టాల మీదే ఉందని చెప్పనా?" అతను ఎర్రగీత మీద వేలు పెట్టాడు. "నేను దాన్ని ఉంచుకోవాలని చూడట్లేదు మార్లిస్. పక్కకి తప్పించాలని చూస్తున్నాను. ఒక్కసారి అది తప్పుకుని బండి వెళ్లిపోతే చాలు, నేను పైకొచ్చేస్తాను."

 వీడు పిచ్చివాడని ఇన్నాళ్లూ మార్లిస్ పైన కూర్చుని తిట్టుకుంది కదా. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లింది. అరచేతంత క్రాసింగ్. రోడ్డు పక్కన పోగుపడిన మంచు కూడా పెట్టాడు. ఆవిడ దాని మీదికి వంగి, చిన్నప్పుడు బడికి లేపినట్టే, మెల్లిగా పిలిచింది.

"కిర్‌స్టెన్, ఇటు రామ్మా. అమ్మ దగ్గరికి రా."

తెర మీద ఎర్రగీత ఆకుపచ్చగా మారింది.

డ్వేన్ రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. దారి దొరికిన బండి తనంతట తానే కదిలింది. లోవెల్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కళ్లల్లోంచి నీళ్లు ధారకట్టాయి. "పోతోంది మార్లిస్. చూడు, పోతోంది."

ఇంజను దీపం వెలుగు క్రాసింగ్ చెక్కల మీద పడింది. ముందు చక్రాలు రోడ్డు అంచు ఎక్కుతున్నాయి. మార్లిస్ బల్ల అంచున ఉన్న పెద్ద స్టాప్ బటన్ మీద అరచేత్తో బలంగా కొట్టింది. బల్ల మీది ఊరంతా ఒక్కసారిగా చీకటై బండి ఆగిపోయింది.

"ఏం చేశావు?" లోవెల్ స్టూలు మీంచి లేచాడు.

"పిల్ల పట్టాలు దాటిందో లేదో నువ్వు చూశావా?"

"ఆకుపచ్చ వచ్చింది కదా మార్లిస్. ఖాళీ అని చూపించింది."

"ఆ రోజు క్రాసింగ్ దగ్గర దీపాలూ గంటా అన్నీ సరిగ్గానే పనిచేశాయని నువ్వే కదా చెప్పావు."

 డ్వేన్ కోటు వేసుకుని, వెళ్తానని కూడా చెప్పకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు. మార్లిస్ స్టూలు క్రాసింగ్ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఒక చెయ్యి పట్టాల పక్కన పెట్టింది, రెండోది బటన్ మీద ఉంచింది.

"హాట్‌డిష్ మాడిపోతుంది. నువ్వెళ్లి తిను."

"మరి నువ్వు?"

"నేను చూసుకుంటాలే. నువ్వలిసిపోయావు, వెళ్లు."

లోవెల్ మెట్లెక్కి వంటింట్లోకి వచ్చాడు. ఎన్నాళ్లకో ఆ బల్ల ముందు కూర్చుని పళ్లెంలో వడ్డించుకున్నాడు. కింద బండి చప్పుడు లేదు. మార్లిస్ గొంతు మాత్రం తలుపు సందులోంచి మెల్లగా వినబడుతోంది. ఏదో అడుగుతోంది, అవతలివాళ్లు చెప్పేదాకా ఆగుతోంది, మళ్లీ అడుగుతోంది. ఒకసారి నవ్వింది కూడా. లోవెల్ చెంచా కింద పెట్టి లేచాడు. తలుపు దాకా వెళ్లి, ఇందాక మార్లిస్ చెవి ఒగ్గిన ఆ గడపలోనే నిలబడిపోయాడు.