లెసోలె వాటా

మొరాయించి మొరాయించి ఆయిలింజను ఒక్క దగ్గు దగ్గింది, నల్లపొగ కక్కి అందుకుంది. లెసోలె చేతులు గుడ్డకు తుడుచుకుని, పైపుకు చెవి ఆనించాడు. అడుగున నీళ్లు కదిలిన చప్పుడు విన్నాకే నడుం నిటారు చేశాడు. ఎండకు బీటలిచ్చిన మొహం, మోచేతులదాకా ఆయిలు మరకలు. ఏళ్ల తరబడి ఒకే చేత్తో హ్యాండిలు తిప్పి కుడిభుజం పల్లమైంది. ముళ్లచెట్ల మధ్యనుంచి పశువులు దుమ్ము లేపుకుంటూ తొట్ల మీదికి వచ్చాయి.

"పొద్దున్నే నీ ఇనప పెళ్లాన్ని లేపావా?" అంది, మందను తోలుకొచ్చిన సెటూమో తల్లి.

"లేపాను వదినా. ఇది అరుస్తుందే గానీ తిట్టదు."

"ఇవాళ సభలో విడాకులిప్పిస్తారట. పట్నం ఆఫీసరు దిగాడు."

లెసోలె నవ్వలేదు. తొట్టి అంచున చెయ్యి వేసి నిలబడ్డాడు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది జెండా మారింది గానీ కరువు మారలేదు. అప్పుడు ఊరు ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఇంటికొక ఎద్దును అమ్మి ఈ బోరు వేయించుకుంది. నీళ్లు ఎగదన్నిన రోజు ముసలమ్మలు సైతం బురదలో చిందులేశారు. కుర్రాడు లెసోలె కూడా వేశాడు. కానీ వాళ్లింట్లో ఎద్దు లేదు. అందుకని బోరుకు పనివాడయ్యాడు గానీ వాటాదారుడు కాలేదు. వాటాదారులు కూడినప్పుడల్లా దడి బయట గొంతుక్కూచుని, లోపలి నవ్వులు వినేవాడు.

మధ్యాహ్నం పులిసిన జొన్నజావ తాగి, కోటు తొడుక్కున్నాడు. కోటు లేని మగవాడు ఊరి సభ జరిగే కొత్లాలో అడుగు పెట్టకూడదు. ఊరంతా ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని కూచుంది.

"సూర్యుడితో నడిచే పంపు. ఉచితం," అన్నాడు ఆఫీసరు. "తాళం మాత్రం జిల్లా ఆఫీసులో ఉంటుంది. నీళ్లు ఎప్పుడు వదలాలో అక్కడ చెబుతారు."

"పంపే వద్దు! లెసోలె పొట్ట కొడతామా?" అన్నాడొకడు. సగం సభ తలూపింది.

లెసోలె లేచాడు. తప్పు మాట్లాడేవాడి మాటైనా చివరిదాకా వినాలన్నది అక్కడ తాతల నాటి కట్టు. అయినా అతను లేవడం ఊరు ఎన్నడూ చూడలేదు.

"నా పొట్ట మాట ఎత్తకండి. నా రొమ్ము నిండా పొగే. పంపు కావాలి. తాళం మాత్రం ఇవ్వొద్దు. తాళం ఇంకోడి మొలలో ఉంటే అవి నీళ్లు కావు, ముష్టి. అప్పుడు మనమే కొనుక్కోలేదూ? ఇప్పుడూ కొనుక్కుందాం. నాదొక మేక."

సభ గొల్లున నవ్వింది.

"మేకను చూసి సూర్యుడు దిగొస్తాడా మామా?"

"నీ ఎద్దు దొడ్డి దాటితే దిగొస్తాడు లేరా," అంది సెటూమో తల్లి. "నాదొక ఎద్దు. రాసుకోండి, లేదా గుర్తుంచుకోండి."

నవ్వు సద్దుమణిగింది. మరొకరు ఎద్దన్నారు. ఇంకొకామె ఆవు అంది.

ఊరిపెద్ద ఆఫీసరు వైపు తిరిగాడు. "బాబూ, ఈ మాటే మీవాళ్లకు చెప్పు. తాళం మాకిచ్చేటట్టయితే పంపుతో రా, విందు చేస్తాం. లేకపోతే మా పంపు మేమే తెచ్చుకుంటాం." తర్వాత లెసోలెను చూశాడు. "మేకయినా వాటా వాటాయే. ఇకనుంచి లోపల కూచోవయ్యా."

"వాన! వాన!" అని సభ ఎలుగెత్తింది. ఆ నేలమీద మంచి మాట ఏదైనా అలాగే ముగుస్తుంది.

సాయంత్రం మామూలుగానే ఇంజను మోగింది. పొద్దు వాలేసరికి ఆపేయడం లెసోలె అలవాటు. చుక్క నీళ్లు వృథా పోనిచ్చేవాడు కాదు. ఆ రోజు పొద్దు వాలినా చప్పుడు ఆగలేదు. సంకటి కెలుకుతున్న సెటూమో తల్లి చెవి నిక్కించి, గరిటె వదిలేసి పరుగెత్తింది.

తొట్లు పొంగి పొర్లుతున్నాయి. లెసోలె కోటు విప్పకుండానే ఇంజను కొట్టంలో గోడకానుకుని కూచున్నాడు, ఎవరికో ఏదో చెబుతూ మధ్యలో ఆగినట్టు. అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఊపిరి తగలక, ఆమె ఇంజను ఆపింది. ఆ నిశ్శబ్దానికి ఊరు ఒక్కొక్క ఇల్లే లేచి వచ్చింది.

కొట్టం గడప ముందు అతని టైరు చెప్పులు జతగా విడిచి ఉన్నాయి. మడమలు ఒత్తి ఒత్తి పడ్డ గుంటల్లో నీళ్లు నిండి, ఇంకా సన్నగా కదులుతున్నాయి.