ఇరవై ఏడో రోజా

టాంకో నీలిగుంటలో కర్ర తిప్పుతున్నాడు. కానో ఊళ్లో బట్టల అద్దకం పనిలో దిగి ముప్పై ఆరేళ్లయింది. మోచేతుల దాకా ఎక్కిన నీలం ఏ సబ్బుకీ వదలదు.

నిజానికి అతను రంజాన్ నెల రోజా ఉండనక్కర్లేదు. షుగరు ముదిరిందనీ, మాత్ర మింగి పగలంతా పస్తుంటే ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరు చెప్పాడు. ఇమాము కూడా, "రోజాకో బీదవాడికి అన్నం పెట్టు, చాలు" అన్నాడు. టాంకో గుడ్డి డాన్లామికి రోజూ పెడుతూనే ఉన్నాడు. రోజా కూడా ఉంటూనే ఉన్నాడు. చుట్టూ నలభైమంది పెదవులెండి పనిచేస్తుంటే తనొక్కడూ నీళ్లు తాగడానికి సిగ్గు. సిగ్గుకి మందు ఏ డాక్టరు దగ్గరుంది? తెల్లవారుజామున మాత్ర మాత్రం భయంకొద్దీ మింగుతాడు.

సాయంత్రం డాన్లామి వచ్చి గుంట గట్టున కూర్చున్నాడు.

"కర్ర చప్పుడు తడబడుతోందేంట్రా?"

"చెయ్యి వణుకుతోంది. చల్లగా చెమటలు."

"అయితే ఇంత పంచదార నీళ్లు తాగి చావు. పైనున్న యజమానే సెలవిస్తే వద్దు పొమ్మనే కూలివాణ్ణి నిన్నొక్కణ్ణే చూశా!"

"నువ్వెక్కడ చూశావులే. రోజా విడిచే అజాన్‌కి ఇంకెంత, అరగంట. ఇంతదూరం వచ్చి ఇప్పుడా?"

"నాకెలాగూ కనపడదు. ఎవరూ చూడకుండా తాగరా."

"నాకు నేను కనపడతానుగా."

టాంకో కర్ర బయటికి తీసి, గోడకు చేరగిలబడ్డాడు. మాట వినిపించకపోతే జపం చేసుకుంటున్నాడనుకున్నాడు డాన్లామి. అజాన్ వినిపించింది. పక్క గుంటవాడు ఖర్జూరం తెచ్చి చేతిలో పెడితే వేళ్లు ముడుచుకోలేదు. ఎవరికీ బరువు కాని మనిషి, చప్పుడు లేకుండానే పోయాడు. ఆ మొండితనం మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు పొద్దున్నే మట్టి చేశారు. సాయంత్రం డాన్లామి తడుముకుంటూ ఇంటికే వచ్చాడు. టాంకో భార్య లాదిదీ వాకిట్లో జొన్నజావ గిన్నె తెచ్చి పెట్టింది.

"తాగన్నా. ఇంకా మూడు రోజాలున్నాయి."

"పోయినవాడికి రోజా ఏంటమ్మా?"

"ఆయన పెడతానన్న మాట కదా."

డాన్లామి గిన్నె అంచు తడిమాడు. "వాడు పెట్టింది ఇన్ని రోజులూ తిన్నాను. వాడి చేత ఒక్క గుక్క తాగించలేకపోయాను" అన్నాడు. కర్ర ఊతతో లేచి వెళ్లిపోయాడు.

అజాన్ అయిపోయింది. గడప పక్కన గిన్నెలో జావ చల్లారి, పైన పొర కట్టింది.