హీరో ఇంకా రాలేదు

డిస్కు మీద నోటితో ఆవిరి పట్టి, మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడుస్తోంది టికెట్టక్క. గుండ్రంగా తిప్పి తుడిస్తే గీతలు పడతాయని ఎప్పుడో ఎవరో చెప్పారు. నిజమో కాదో గాని, అప్పటినుంచీ ఆమె తుడిచే పద్ధతి అదే. ఇదివరకు ఒక్కో డిస్కు మీదా రెండుసార్లు ఊదేది. ఈ మధ్య రెండోసారికి ఊపిరి అందడం లేదు. మేడమెట్లు ఎక్కి వచ్చినప్పుడైతే కాసేపు గోడ పట్టుకుని, అక్కడున్న నోటీసుబోర్డు చదువుతున్నట్టు నటిస్తుంది. ఆ బోర్డు మీద కాగితాలు మార్చి ఏళ్ళయింది కాబట్టి ఆ నటన ఎవరినీ మోసం చేసేది కాదు. అయినా ఎవరూ ఏమీ అనరు.

ఆమె పనిచేసే గ్రంథాలయంలో పుస్తకాలన్నీ కింద, సినిమాలూ పాటలూ పైన. పైగది ఆమెది. గోడల నిండా డిస్కుల అరలు, ఎదురుగా తెర, తెర ముందు మడతకుర్చీలు. అందరి ఇళ్ళలోనూ టీవీలు, చేతుల్లో ఫోన్లూ ఉన్న రోజుల్లో ఈ గదికి ఎవరొస్తారని అనుకుంటాం. వస్తారు. ఎక్కువమంది నలభై దాటి అరవై చేరనివాళ్ళు. రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చుని, వరసగా సినిమాల బొమ్మలు జరిపి జరిపి, ఏదీ చూడకుండానే ఆవులిస్తూ లేచిపోయే రకం. చూడదగ్గవి లేక కాదు. ఇది చూడు, బాగుంటుంది అని చెప్పే మనిషి లేక. ఆ చెప్పే పని టికెట్టక్కది. ఉద్యోగం కాగితాల్లో మాత్రం డిస్కులు తుడుచుట, ఇచ్చుట, తీసుకొనుట అని ఉంది.

టికెట్టక్క అన్నది పాత ఉద్యోగం పెట్టిన పేరు. పెళ్ళయిన కొత్తలోనే పెద్ద సినిమాహాల్లో టికెట్లమ్మే పనిలో చేరింది. గోడలో చెయ్యి పట్టేంత కన్నం. అందులోంచి ఆమె చూసినవి ముఖాలు కాదు, చేతులు. పిడికిలి బిగించిన చెయ్యి, గాజు తిప్పుకుంటూ నిలబడ్డ చెయ్యి, ఇంట్లో చెప్పకుండా వచ్చి వణికే చెయ్యి. చేతిని బట్టి మనిషి ఆరోజు ఏ ధోరణిలో ఉన్నాడో పోల్చుకునేది. హాలు మూతపడి ఇక్కడికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరు బల్ల దగ్గరికొచ్చినా ముందు చేతులకేసి చూస్తుంది.

ఇంకొక సంగతి. టికెట్ల కౌంటరు మూసి ఆమె హాల్లోకి వెళ్ళేసరికి సినిమా మొదలై పావుగంట దాటేది. ఇంకేముంది, అన్నేళ్ళు సినిమాహాల్లో పనిచేసి కూడా ఒక్క సినిమాలోనూ హీరో రావడం చూసి ఎరగదు. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి గోడకి ఆనుకునేది. తెర మీద అప్పటికి ఎవరుంటే వాళ్ళతోనే కథ మొదలుపెట్టుకునేది. అదొక లోటని ఆమెకెప్పుడూ తోచలేదు.

ఆ ఉదయం ముందుగా వచ్చింది పోస్టాఫీసు గుమస్తా, భార్యతో సహా.

"అక్కా, ఈయనకి కొట్లాటలుండాలి, నాకు ఏడుపుండాలి. ఇద్దరం కలిసి కూర్చుని ఏదన్నా చూసి ఎన్నాళ్ళయిందో" అంది భార్య.

"ఏడవడానికి టీవీ ఎందుకే, నేనున్నాగా" అన్నాడు గుమస్తా.

టికెట్టక్క వాళ్ళ చేతులు చూసింది. కూరల సంచికి ఒక పట్టీ ఆయన చేతిలో, రెండోది ఆవిడ చేతిలో ఉన్నాయి. ఈ జంటకి వచ్చిన భయమేమీ లేదనుకుని, కొత్తగా వచ్చిన సీరీస్ ఒకటి తీసింది.

"ఇందులో దొంగ ఉన్నాడు, దొంగకి తల్లి ఉంది. దొంగ ఆయనకి, తల్లి నీకు. కానీ ఒక్కళ్ళే దొంగచాటుగా ముందు చూసేశారో, ఇద్దరి కార్డులూ చించేస్తా."

వాళ్ళు నవ్వుకుంటూ మెట్లు దిగారు. తర్వాత ఒక పెద్దమనిషి వచ్చి, ఇప్పటివాళ్ళకి పాటంటే ఏమిటో తెలీదని ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆమె ఊ కొడుతూనే ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. ఆయన నోరు మాట్లాడుతూనే ఉంది గాని, కాసేపటికి బల్ల మీద వేళ్ళు తాళం వెయ్యసాగాయి. ఆమె చూడనట్టు వెళ్ళి అరలు సర్దుకుంది.

చేతులు పనిచేస్తున్నాయి గాని, మనసు మాత్రం మధ్యాహ్నం మీదే ఉంది. ఆవేళ శనివారం. అభిమాన సంఘం వచ్చే రోజు.

ఒకప్పుడు ఆ సంఘం పేరు చెబితే ఊళ్ళో సగంమంది చేతులెత్తేవారు. ఇప్పుడు మిగిలింది ముగ్గురు. మొదటివాడు ప్రెసిడెంటు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ప్రెసిడెంటుగారూ అనే పిలుస్తారు, ఏ దేశానికని ఎవరూ అడగరు. రెండోది లెక్కల టీచరమ్మ, ఒంటరి మనిషి. మూడోవాడు టైలరు. చూపు కొంచెం మందగించి, మిషను కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. ముగ్గురూ ఒకే హీరోని ప్రేమించి పెద్దవాళ్ళయ్యారు. ఆయన తెర మీదికి వచ్చే క్షణానికి ఈలలతో ఎంత గోల చేసేవారంటే, ఆయన ఏ సినిమాలోనైనా పలికిన మొదటి మాట ఇంతవరకు వాళ్ళలో ఒక్కరూ వినలేదు.

ఆ హీరో నిరుడు వయసైపోయిందని నటన మానుకున్నాడు. అప్పటినుంచీ పాతవే తిప్పి తిప్పి చూశారు. టికెట్టక్క పాత అలవాటుకొద్దీ కార్డుల పని ముగించుకుని, సినిమా మధ్యలోనే వచ్చి గోడవారగా కూర్చునేది. చూసేకొద్దీ ఉత్సాహం సన్నగిల్లింది. పోయిన శనివారం ప్రెసిడెంటు మడతకుర్చీ మడుస్తూ మడుస్తూ అనేశాడు.

"ఇంక సంఘం మూసేద్దాం. సినిమా రాని హీరోకి సంఘమెందుకు?"

టీచరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచిందే తుడిచింది. ఈ శనివారం లేకపోతే వీళ్ళు ముగ్గురూ ఒకరి గడప ఒకరు తొక్కరని టికెట్టక్కకి తెలుసు. పలకరింపులు వీధిలో తల ఊపుకోవడం దాకా వస్తాయి, ఆ తర్వాత అదీ ఉండదు. సినిమాహాలు మూతపడ్డప్పుడు ఎంతమంది అలా తప్పిపోయారో ఆమె కళ్ళారా చూసింది. వాళ్ళంటే ఆమెకు ప్రాణం. అందుకే బతిమాలింది.

"ఒక్క కొత్త సినిమా. మీకెవరికీ తెలియనిది. అది చూసి నచ్చకపోతే మీ ఇష్టం."

సినిమా ఎంచడానికి ఆమెకు ఇంట్లో ఒక పరీక్ష ఉంది, మొగుడు. నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరుగా చేసి మానేసిన ఆయన, పేర్లు పడుతుండగానే గురకపెట్టేస్తాడు. పెళ్ళినాటినుంచీ ఆయన చివరిదాకా చూసిన సినిమా లేదు. వారమంతా ఆమె తెచ్చి పెట్టినవాటిలో ఒకదానికి మాత్రం ఆయన సగందాకా కళ్ళు తెరుచుకుని ఉన్నాడు. ఇంకేం చూడాలి, అదే ఎంచింది.

ముగ్గురూ వచ్చారు. ప్రెసిడెంటు వస్తూనే తగువు మొదలుపెట్టాడు.

"హీరో ఎవరక్కా?"

"చూస్తే తెలుస్తుందిగా."

"కొత్త కుర్రాడా?"

"కూర్చో ముందు."

లైట్లార్పి ఆమె వెనక వరసలో గోడవారగా కూర్చుంది. తెర వెలిగింది. ఒక పాత పెద్ద భవనం. ఇనప తలుపున్న లిఫ్టు. లోపల స్టూలు మీద నెరిసిన జుట్టు మనిషి మీట తిప్పుతూ ఏదో అన్నాడు. వీళ్ళింకా కుర్చీలు సర్దుకుంటున్నారు, ఎవరూ వినలేదు.

లిఫ్టు ఆగింది. తలుపు మెల్లగా తెరుచుకుంటోంది. ముందుగా నల్లబూట్లు కనిపించాయి. అభిమాన సంఘానికి అంతకన్నా ఏం కావాలి? జన్మంతా బూట్లనుంచి పైకి చూసిన మనుషులాయె. ప్రెసిడెంటు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. టైలరు చేతిరుమాలు గాల్లోకి విసిరాడు. బూట్ల మనిషి పోలీసు ఇన్‌స్పెక్టరు. మూడో అంతస్తులో దిగి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ సినిమాలో కనబడితే ఒట్టు.

"ఇతను కాదు" అన్నాడు ప్రెసిడెంటు, తడి వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుంటూ.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. కోటు వేసుకున్న కుర్రాడు.

"ఇతనేనన్నా. ఆ భుజం కుట్టు చూడు. అంత పనితనం ఉన్న కోటు హీరోకి తప్ప ఎవరికిస్తారు?" అన్నాడు టైలరు.

కోటు అయిదో అంతస్తులో దిగిపోయింది. చేతిరుమాలు వృథా అయింది. ఆ తర్వాత లిఫ్టులోకి ఒక మంచం ఎక్కింది, చిలకల పంజరం ఎక్కింది, జ్వరంతో తల్లి భుజాన పడుకున్న పిల్ల ఎక్కింది. పై అంతస్తులో ఒక ముసలావిడ ఉంది. నడవలేదు. లిఫ్టు మనిషి రోజూ సాయంత్రం ఆవిణ్ణి డాబా మీదికి తీసుకెళ్ళి కాసేపు వీధి చూపించి తీసుకొస్తాడు. ఈ లిఫ్టు తీసేసి మీటలు నొక్కే కొత్తది పెడతారని, స్టూలూ మనిషీ ఇక అక్కర్లేదని యజమాని చెప్పిపోయాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురూ కుర్చీల్లో ముందుకు వంగుతున్నారు. వెనకనుంచి చూస్తున్న టికెట్టక్కకి నవ్వు ఆపుకోవడం కష్టంగా ఉంది.

"సగం అయిపోయింది. హీరో ఎప్పుడొస్తాడక్కా?" అన్నాడు ప్రెసిడెంటు.

"డబ్బుల్లేక ఆఖర్న పెట్టుంటారు" అన్నాడు టైలరు.

"మీరిద్దరూ కాస్త నోళ్ళు మూస్తారా?" అంది టీచరమ్మ.

చివర్లో కరెంటు పోయింది. పైన ముసలావిడకి ప్రాణం మీదికొచ్చింది. లిఫ్టు కదలదు. లిఫ్టు మనిషి స్టూలు మీదనుంచి లేచి మెట్లెక్కాడు. ఆవిణ్ణి వీపున వేసుకుని, ప్రతి అంతస్తులోనూ ఆగి రొప్పుతూ కిందికి దించాడు. ఆవిణ్ణి బండి ఎక్కించి పంపేసి, వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడితో సరి. పేర్లు పడ్డాయి.

"అదేంటి, హీరో రాకుండానే అయిపోయింది?" అన్నాడు టైలరు.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుని అతనికేసి తిరిగింది. "ఇంతసేపూ నీ ఎదురుగా కూర్చున్నదెవరు తమ్ముడూ?"

ఎప్పుడూ పేర్లు పడకముందే చెప్పులు వెతుక్కునే ప్రెసిడెంటు, ఆఖరి పేరు పైకి పోయేదాకా చూస్తూ ఉండిపోయాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోమనకుండా పంపేసిన మనిషి ముఖంలా అయింది ఆయన ముఖం.

"మొదటి సీన్లోనే ఉన్నాడు. మనం ఆయనకి ఈల వెయ్యలేదు" అన్నాడు.

చటుక్కున వెనక్కి తిరిగాడు.

"అక్కా, మళ్ళీ మొదటినుంచి పెట్టు."

పెట్టింది. పాత భవనం, ఇనప తలుపు. స్టూలు మీద నెరిసిన జుట్టు కనబడగానే గది దద్దరిల్లింది. ప్రెసిడెంటు ఈల మీద ఈల. టైలరు చేతిరుమాలు ఫ్యానుకి చిక్కుకుంది. పిల్లలు గట్టిగా మాట్లాడితే గుడ్లురిమే టీచరమ్మ కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టింది. కిందనుంచి లైబ్రేరియను ఏమైందేమైందని కేకలు. టికెట్టక్క గోడ పట్టుకుని, ఊపిరందక వంగిపోయి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. జన్మలో మొదటిసారి ఆమె హాల్లో కూర్చుని, ఈలల మధ్య ఒక హీరో రావడం చూసింది.

"ఆయనేమన్నాడో మళ్ళీ వినపళ్ళేదు" అంది టీచరమ్మ, కుర్చీ దిగి.

"వచ్చే వారం విందాం. ఇలాంటివి ఇంకా ఉంటాయేంటక్కా?" అన్నాడు ప్రెసిడెంటు.

"బోలెడున్నాయి" అంది ఆమె.

సాయంత్రం ఆ డిస్కు సంచిలో వేసుకుని ఇంటికెళ్ళింది. మొగుడు గుమ్మంలోనే ఉన్నాడు. వంట అయింది, పప్పులో ఉప్పు ఎక్కువైంది, ఆ రెండు సంగతులూ ఒక్క ఊపిరిలో చెప్పాడు. తినేటప్పుడు ఆమె జరిగిందంతా చెప్పింది. చేతిరుమాలు ఫ్యానుకి చుట్టుకున్న చోట ఆయనకి పొలమారింది.

"సగందాకా నేనూ చూశాగా. తర్వాతేమైందే ముసలావిడకి?"

"చెప్పను. చూడు."

"నిద్రపోతానేమో."

"పోతే పోదువులే" అంది. డిస్కు పెట్టి, ఆయన పక్క కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. "ఇవాళ హాయిగా ఉందయ్యా" అంది.

ఆయన నిద్రపోలేదు. మంచం ఎక్కింది, పంజరం ఎక్కింది. మధ్యలో ఒకసారి చూస్తే ఆమె తల కుర్చీకి ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. తనకన్నా ముందు ఆమె నిద్రపోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. లేపబుద్ధి కాక టీవీ గొంతు తగ్గించాడు. ముసలావిడని వీపున మోసుకుని దిగుతుంటే ముందుకి జరిగి కూర్చున్నాడు. పేర్లు పడ్డాక, మొత్తం చూశానోయ్ అని చెప్పడానికి ఆమె చెయ్యి పట్టుకుని కదిపాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

తర్వాతి శనివారం లైబ్రేరియను పైగది తాళం తీసి, ముగ్గుర్నీ లోపలికి పంపి, మాట్లాడకుండా దిగిపోయాడు. వాళ్ళు కుర్చీలు విప్పుతుండగా గుమ్మంలో టికెట్టక్క మొగుడు నిలబడ్డాడు. చేతిలో డిస్కు ఉంది.

"ఇది మా ఇంట్లో ఉండిపోయింది. పూర్తిగా చూశానండీ నేను" అన్నాడు.

"రండి బావగారూ" అని ప్రెసిడెంటు ఇంకో కుర్చీ విప్పాడు.

ఏం చూడాలో తేలక అరల ముందు నలుగురూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి టీచరమ్మ కళ్ళు మూసుకుని ఒకటి లాగింది. నచ్చకపోతే వచ్చే వారం ఇంకోటి చూద్దామన్నారు. లైట్లార్పేముందు టైలరు తన సంచిలోంచి మడతపెట్టిన స్వెటరు తీశాడు. ఏసీ చలికి టికెట్టక్క ఈ గదిలో వేసుకునేది. ఒక బొత్తాం ఊడిపోతే పిన్నీసు పెట్టుకుని గడిపేసింది. అతను వారం మధ్యలో వచ్చి పట్టుకెళ్ళి, అంగళ్ళన్నీ తిరిగినా అచ్చంగా అలాంటి బొత్తాం దొరక్క, దగ్గర్లో ఉన్నది చూసి కుట్టుకొచ్చాడు. వెనక వరసలో గోడవారగా ఉన్న కుర్చీ వీపుకి దాన్ని వేసి, వచ్చి తన చోట కూర్చున్నాడు.

నీలం స్వెటరు, మెడదాకా బొత్తాలు పెట్టి ఉంది. వాటిలో ఒక్కటి మాత్రం కాస్త ముదురు రంగు.